యంత్రం ఆప్తుడా?

నేటి యుగాన్ని కృత్రిమ మేధాయుగం అంటున్నారు. అడిగిందే తడవుగా యంత్రం వ్యాసం రాసిస్తోంది. మరి మనిషి ఆలోచనకిక పనేమిటి?

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో జరిగిన సంగతి చూడండి. విమానంలో వడ్డన బండి మోకాలికి తగిలిందని ఓ ప్రయాణికుడు వేసిన దావా అది. అతని తరఫు న్యాయవాది చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పుల్ని ఉదహరించాడు. అవి నిజమైనవేనా అని యంత్రాన్నే అడిగాడు కూడా. నిజమేనంది. తీరా చూస్తే అలాంటి తీర్పులే లేవు! కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది.

ఎందుకిలా? తాను చదివిన కోట్లాది వాక్యాలను బట్టి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే వీలుందో లెక్కగట్టి ఈ యంత్రం వాక్యం పేరుస్తుంది. పొందిక కుదిరినంత మాత్రాన అది నిజం కానక్కర్లేదు.

మన న్యాయదర్శనం ఆప్తుని మాటను ప్రమాణంగా ఒప్పుకొంది. ఆప్తుడంటే ఉన్నదాన్ని ఉన్నట్లు తెలుసుకుని చెప్పేవాడు. ఈ లెక్కన యంత్రం ఆప్తుడు కాదు.

నా సంగతే చెబుతాను. సెమినార్ పేపరు కోసం అడిగితే ఐదు పుస్తకాల పేర్లు చెప్పింది. సగం పేపరు రాసేశాక లైబ్రరీకి వెళ్లాను. రెండే దొరికాయి. మిగతా మూడూ ఏ కేటలాగులోనూ లేవు. ఆ రాత్రి పేపరు మళ్ళీ మొదటినుంచి రాశాను.

మిత్రులారా, యంత్రాన్ని వాడుకుందాం, తప్పులేదు. కాని ప్రశ్న వేయడం, జవాబును పరీక్షించడం, దానికి పూచీపడడం మన పనులే. పేపరు కింద సంతకం మనదే గదా!