తొందర పడితే గీత మిగులుతుంది



బ్యాంకులో గుమాస్తాగా లెడ్జర్లు రాసి రిటైరైన నేను ఎలక్ట్రిక్ గిటార్ గురించి రాయడం వింతగా తోచవచ్చు. ఈ వాద్యాల తయారీలో పేరుపొందిన అమెరికా వాసి లియో ఫెండర్ (1909–1991) కూడా కాలేజీలో అకౌంటింగ్ చదివి, లెక్కల ఉద్యోగం చేసినవాడే.

గత వేసవిలో, పి.యు.సి. చదివే మా మనవడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో మహాగని చెక్కలో కోసిన గిటార్ బాడీ కొన్నాడు. రంగు వేసే ముందు దాన్ని ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. పద్ధతి ఇది.

1. కాగితం నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80, 120, 180, 220 వరుసలో వెళ్లాలి. ప్రతి కాగితం ముందుదాని గీతలను చెరిపి, తన సన్న గీతలను మిగులుస్తుంది.

2. చదునైన చోట కాగితాన్ని చిన్న చెక్క దిమ్మెకు చుట్టి రుద్దాలి. వేళ్లతో నొక్కితే గుంటలు పడతాయి. చెక్క నార వాలులోనే రుద్దాలి.

3. ప్రతి నంబరుకు ముందు పెన్సిలుతో అంతటా తేలికగా గీయండి. ఆ గీతలన్నీ చెరిగితే ఏ చోటూ వదలలేదన్నమాట. తరువాత పొడి తుడిచి, దీపం పక్కనుంచి పట్టి చూడండి.

4. మెడ అమర్చే గాడిలో రుద్దరాదు. అది వదులైతే మెడ కుదురుగా నిలవదు.

5. చివరగా తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును 220తో తేలికగా తీయాలి.

6. చెక్క పొడి ఊపిరితిత్తులకు హాని. మాస్కు తప్పనిసరి.

ఇంత తెలిసీ పొరపాటు చేసింది నేనే. 80 అయ్యాక, "రంగు కప్పేస్తుందిలేరా" అని మనవడి చేతికి 220 ఇచ్చాను. "వద్దు తాతా" అన్నాడు. నేను వినలేదు. స్టెయిన్ పూయగానే గీతలన్నీ నల్లగా తేలాయి. వాడి ముఖం చిన్నబోయింది గానీ, నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదటి నుంచి రుద్దడానికి కూర్చున్నాడు. తప్పు ఒప్పుకొని నేనూ పక్కన కూర్చున్నాను. మూడు రోజులు పట్టింది.

పద్దు ఒకవైపే వేసి రెండోవైపు మరిస్తే ట్రయల్ బ్యాలెన్సు కుదరదని ఎందరికో చెప్పినవాణ్ని. రంగు కూడా అంతే, తప్పును కప్పదు, చూపిస్తుంది.

విద్యార్థులారా, చదువులో ఏ మెట్టూ దాటవేయకండి. తల్లిదండ్రులకు మనవి: పిల్లలు శ్రద్ధగా, నెమ్మదిగా చేసే పనిని మనం తొందరపెట్టవద్దు.