జాలి సరే, వేళకు వస్తారా?

జంతువుల షెల్టరులో పనిచేస్తామని వచ్చేవాళ్ళకు జాలి తక్కువేమీ ఉండదు. కాలు విరిగిన కుక్కను చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, ఫోటో తీస్తారు, స్టేటస్ పెడతారు. మొదటివారం రోజూ వస్తారు. రెండోవారం పరీక్షలంటారు, ఆ తర్వాత మేనమామ కూతురి పెళ్ళంటారు, నెల తిరిగేసరికి ఫోనెత్తరు. కుక్క మాత్రం పొద్దున ఏడింటికల్లా గిన్నె చప్పుడు కోసం చెవులు నిక్కబొడుచుకుని ఉంటుంది. మీకేం కావాలని షెల్టరు నడిపేవాళ్ళను అడిగి చూడండి. డబ్బుల సంగతి అయ్యాక వాళ్ళడిగేది ఒక్కటే: చెప్పిన రోజు, చెప్పిన వేళకు వచ్చే మనిషి.

క్రమశిక్షణ అలవడాలంటే ఇంతకన్నా మంచి బడి నాకు తెలీదు. ఆఫీసులో ఆలస్యమైతే ట్రాఫిక్ మీదికో బస్సు మీదికో నెట్టేస్తాం. అవతలివాళ్ళు నమ్మకపోయినా వింటారు. ఆకలేసిన ఆవుకు సాకు చెప్పడానికి లేదు. వచ్చినందుకు అది చప్పట్లూ కొట్టదు. చూసేవాళ్ళు లేనప్పుడు కూడా మాట మీద నిలబడతామో లేదో మనకు మనమే తేల్చుకునే చోటు అది.

మన మదనపల్లెకు జంతువుల సేవతో దూరపు చుట్టరికం ఒకటుంది. 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల పెట్టిన అనీ బిసెంట్ ప్రభావంలో పెరిగిన వాళ్ళలో రుక్మిణీదేవి అరండేల్ ఒకరు. కళాక్షేత్ర, భరతనాట్యం అనగానే గుర్తొచ్చే ఆవిడే. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక, జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపాలంటూ సొంతంగా బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాటిచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టం 1960కి గానీ రాలేదు. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1977లో రాష్ట్రపతి పదవికి నిలబడమని మొరార్జీ దేశాయ్ అడిగితే వద్దన్నారు. అన్నేళ్ళ పాటు పట్టిన పని వదలకపోవడమే ఆవిడలో నాకు ఎక్కువ నచ్చింది. అయితే ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకే. టీ బంకులో నలుగురు తాగితే అయ్యే డబ్బు. చట్టాన్ని నమ్ముకుని చేతులు ముడుచుకుంటే కుదరదని ఆ అంకె ఒక్కటే చెబుతుంది.

షెల్టరు పని ఎలా ఉంటుందో చూడాలనుకుంటే మదనపల్లె నుంచి కదిరి మీదుగా పుట్టపర్తి వెళ్ళండి. అక్కడి కరుణా సొసైటీని 2000లో క్లెమెంటియన్ పావ్స్ అనే డచ్ మహిళ మొదలుపెట్టారు. రోడ్ల మీద తిరిగే ఆవుల కడుపులో ప్లాస్టిక్ ఎంత పేరుకుపోతోందో దేశానికి చూపించిన వాళ్ళలో వీళ్ళు ముందువరస. 2012లో ఇదే విషయం మీద సుప్రీంకోర్టుకు కూడా వెళ్ళారు. ఆపరేషన్ చేసేటప్పుడు ఆవును నిలబెట్టే ఉంచుతారు. ఎడమ డొక్క దగ్గర మత్తు సూది వేసి, కోసి, డాక్టరు మోచేతి దాకా చెయ్యి లోపలికి పెడతారు. బయటికొచ్చేది విడివిడి కవర్లు కాదు. తాళ్ళు, సంచులు, గుడ్డపీలికలు అన్నీ పెనవేసుకుని తాడులా సాగి వస్తాయి. వాటి మధ్య మేకులూ సూదులూ ఉంటాయి. కడుపు నిండా అదే ఉంటే గడ్డికి చోటెక్కడ? ఆవు లావుగా కనిపిస్తూనే చిక్కిపోతుంది.

అది కవరు ఎందుకు తింటుంది? మనం మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులు కవర్లో పోసి ముడి వేసి పారేస్తాం గనక. ముడి విప్పడానికి దానికి వేళ్ళు లేవు. మదనపల్లె టమోటా మార్కెట్టు చుట్టుపక్కల ఓ పూట నిలబడితే ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. షెల్టరుకు వెళ్ళే తీరిక లేనివాళ్ళు కనీసం ఆ ముడి వేయడం మానండి.

వెళ్ళేవాళ్ళకు మొదటిరోజు ఏం పని ఇస్తారు? పేడ ఎత్తడం, గిన్నెలు కడగడం. పట్టా చేతికొచ్చిన కుర్రాడికి ఇది చిన్నతనంగా అనిపించొచ్చు. అనిపిస్తే మంచిదే, ఆ బరువు అక్కడే దిగిపోతుంది. తర్వాత ఏ పుండు కట్టే దగ్గరో పిలుస్తారు. ఈగలు గుడ్లు పెట్టి పురుగు పట్టిన పుండు వాసన ఒకసారి ముక్కుకెక్కితే సాయంత్రం దాకా వదలదు. ఒకరు కుక్క మూతికి గుడ్డ చుట్టి పట్టుకుంటారు, ఇంకొకరు పట్టకారుతో పురుగులు ఒక్కొక్కటే తీస్తారు. మీ పని టార్చిలైటు కదలకుండా పట్టుకోవడం. అంతే. ముఖం పక్కకు తిప్పుకుంటే వెలుగు పుండు మీంచి తప్పుకుంటుంది. ఏకాగ్రత గురించి ఏ వక్త చెప్పినా దీని ముందు దిగదుడుపే.

మనుషుల చేతుల్లో దెబ్బలు తిన్న కుక్క గది మూలకు ఒదిగి, తోక కడుపు కిందికి ముడుచుకుని కూర్చుంటుంది. దాన్ని ముద్దు చేయబోకండి. కళ్ళలోకి సూటిగా చూడకండి. పక్కకు తిరిగి కూర్చుని, కాస్త దూరంలో తిండి పెట్టి లేచిరండి. మర్నాడు అదే వేళకు మళ్ళీ వెళ్ళండి. ఎదుటివాళ్ళు తమంతట తాము దగ్గరికొచ్చే దాకా ఆగడం మనలో చాలామందికి ఇంట్లో పిల్లల దగ్గర కూడా చేతకాదు.

ముద్దు మాట వచ్చింది గనక, మన పుంగనూరు పొట్టి ఆవు సంగతి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే గజం కన్నా తక్కువే. పాలల్లో వెన్న 8 శాతం దాకా ఉంటుంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వీటికి గడ్డి పెడుతున్న ఫోటోలు వచ్చాక ఊరూరా మోజు పెరిగింది. మోజుపడి కొని హాల్లో నున్నటి టైల్స్ మీద నడిపిస్తే గిట్టలు జారతాయి. తోడు లేక అది దిగులు పడుతుంది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం వాళ్ళు ఈ జాతిని కాపాడుతున్నారంటే అది ముద్దుతో జరిగిన పని కాదు. ఏ దూడ ఎప్పుడు పుట్టింది, తల్లెవరు, తండ్రెవరు అన్న లెక్క తప్పకుండా రాసుకుంటూ పోవాలి. షెల్టర్లలో కూడా కరువు ఇలా రాసేవాళ్ళకే. ఏ కుక్కకు ఏ మందు ఎప్పుడు వేశారో పుస్తకంలో ఎక్కించే మనిషి దొరికితే డాక్టరుకు సగం తలనొప్పి తగ్గుతుంది. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఈ పని అడిగి తీసుకోండి.

కుప్పం వైపు లెక్క వేరు. కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు మీ సేవ అక్కర్లేదు, మీరు దూరంగా ఉంటే చాలు. మంద పొలంలో దిగిందనగానే బైకులేసుకుని వీడియో తీయడానికి పోయే కుర్రాళ్ళు దానికీ చేటు చేస్తున్నారు, రైతుకూ చేటు చేస్తున్నారు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రాత్రివేళ లారీ గుద్ది మూడు ఏనుగులు చనిపోయాయి. ఆ దారిలో రాత్రిపూట వేగం తగ్గించడం కూడా సేవే. ఏనుగు మీద జాలిపడేవాళ్ళు రాత్రంతా నిద్రలేకుండా చేను కాసుకునే రైతు మీద విసుక్కోకండి. ఆయన నష్టపరిహారం అర్జీ రాసిపెట్టే చదువుకున్నవాడు ఊళ్ళో ఒకడుంటే చాలు, అది ఏనుగుకు చేసిన మేలు కూడా.

మళ్ళీ షెల్టరు సంగతికొస్తే, అక్కడ కొన్ని చనిపోతాయి. పార్వో వైరస్ సోకిన కుక్కపిల్ల రాత్రి తోక ఊపి తెల్లారేసరికి ఉండకపోవచ్చు. ఆ రోజు పక్క గదిలో వాటికి కూడా వేళకు నీళ్ళు పెట్టాలి. ఏడవండి, తప్పులేదు, గిన్నెలు కడుగుతూ ఏడవండి. ప్రతి కుక్కనూ ఇంటికి తెచ్చేసుకోవాలన్న ఉబలాటం మాత్రం అణుచుకోండి. వారానికి రెండు గంటలే ఇవ్వగలిగితే రెండు గంటలనే చెప్పండి. రోజూ వస్తామని ఆశపెట్టి మానేసేవాళ్ళ కన్నా ఆదివారం మాత్రమే అయినా ఏడాదంతా వచ్చేవాళ్ళు వెయ్యి రెట్లు నయం. కాలేజీ పిల్లలైతే ముగ్గురు నలుగురు జట్టుకట్టండి. పండక్కి ఒకరు ఊరెళ్ళినా ఇంకొకరు ఉంటారు.

వెళ్ళేముందు రేబిస్ టీకా వేయించుకోండి. కరవకముందే వేసుకునేది: మొదటి డోసు, అక్కడి నుంచి ఏడు రోజులకు రెండోది, 21 లేదా 28 రోజులకు మూడోది. అది ఉన్నాక కుక్క కరిస్తే మళ్ళీ రెండు డోసులతో సరిపోతుంది. కరిచినా గీరినా ముందుగా పావుగంట సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద కడగాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. ధనుర్వాతం సూది ఎప్పుడు వేసుకున్నారో కూడా డాక్టరుతో చెప్పండి. ఈ తేదీలన్నీ క్యాలెండర్లో గుర్తుపెట్టుకుని, మూడో డోసు అయిన తర్వాత వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి షెల్టరుకు వస్తానని మాటివ్వండి.