నియమాలకు సయించని వాక్యం

గురుగ్రామ్,
ఆదివారం సాయంత్రం

అమ్ములూ,

నీ మెయిలు బుధవారమే చూశాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదని కోపం తెచ్చుకోకు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ఎమ్మే లింగ్విస్టిక్స్ పూర్తి చేశావు. ఇక్కడి కంపెనీ ఒకటి తెలుగు డేటా పనికి రమ్మంటోంది, మీ మేడమ్ పీహెచ్‌డీకి ఉండిపొమ్మంటున్నారు, మీ నాన్న బీఎడ్ అంటున్నాడు. “వ్యాకరణం చదివి ఎవరు బాగుపడ్డారు పెద్దమ్మా, నిజం చెప్పు” అని అడిగావు. నిజమే చెబుతాను. నీ దగ్గర దాచి నేను సాధించేదేం లేదు.

నేను వచ్చిన కొత్తలో ఈ ఊరు ఇంకా గుర్గావే. గురుగ్రామ్ అన్న పేరు 2016లో పెట్టారు. అప్పుడు మా పని లోకలైజేషన్. ఫోన్ల మెనూలు, ప్రింటర్ల మాన్యువళ్ళు తెలుగు చేసేవాళ్ళం, మాటకింత అని లెక్క. తరవాత ట్రాన్స్‌లేషన్ మెమరీ వచ్చింది. ఒకసారి తెలుగు చేసిన వాక్యం మళ్ళీ ఎదురైతే దానికి డబ్బులు కోసేవాళ్ళు. ఆపైన యంత్రమే అనువాదం చేసి పడేస్తే మేం దిద్దడం మొదలైంది. దిద్దుబాటుకి రేటు తక్కువ. మెలికలు పడ్డ వాక్యాన్ని విప్పి మళ్ళీ కట్టడానికి పట్టే టైము మాత్రం కొత్తగా రాసేదానికన్నా ఎక్కువ. ఇప్పుడు మోడళ్ళకు మేత వేసే పని. వాక్యాలకు గుర్తులు పెడతాం, యంత్రం ఇచ్చిన రెండు జవాబుల్లో ఏది మేలో చెబుతాం, రికార్డింగు విని రాస్తాం. స్క్రీను మూలన గడియారం తిరుగుతూ ఉంటుంది. ప్రాజెక్టు ఉంటే పిలుస్తారు, అయిపోతే ‘మళ్ళీ చెబుతాం’ అంటారు. నా పక్క సీటులో ఈ ఐదేళ్ళలో ఎంతమంది మారారో నాకే లెక్క తప్పింది. ఇది తెలుసుకునే రా.

ఇక అసలు సంగతి. వచ్చిన మొదటి రోజు నీకొక గైడ్‌లైన్ల పుస్తకం ఇస్తారు. ఎనభై పేజీలో, నూట ఇరవై పేజీలో ఉంటుంది. ఇంగ్లీషు కోసం రాసి, హిందీకి కాస్త సర్ది, మిగతా భాషలన్నిటికీ అదే పంచుతారు. నేను భయపడేది దాని గురించే. ఆరు నెలలు దానితో కాపురం చేస్తే తెలుగు అలాగే ఉంటుందేమో అనిపించడం మొదలవుతుంది.

ఒక సంగతి చెబుతాను. కంపెనీ పేరు నీకు అవసరం లేదు. క్రియలకు లింగం గుర్తు పెట్టే ప్రాజెక్టు. పట్టికలో మూడు గళ్ళు: పురుష, స్త్రీ, నపుంసక. ఇంతకుమించి గతి లేదు. మనకేమో ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘పిల్లి వచ్చింది’. ఏకవచనంలో ఆడమనిషికి విడిగా క్రియారూపం లేదు, పిల్లితో పాటే. బహువచనానికి వచ్చేసరికి అదే ఆడవాళ్ళు మగవాళ్ళ జట్టులో చేరతారు: ‘వాళ్ళు వచ్చారు’, ‘పిల్లులు వచ్చాయి’. తమిళానికి వెళ్తే ఇలా ఉండదు, ఏకవచనంలో ఆమెకు ఆమె రూపం ఉంది. ద్రావిడ భాషల చరిత్ర రాసేవాళ్ళకు ఇదొక పెద్ద చర్చ. మా టీమ్ లీడ్‌కి తెలుగు రాదు. పిల్లికీ స్త్రీకీ ఒకే గుర్తు పెట్టానని నా ఫైలంతా తప్పుల కింద కొట్టేసి వెనక్కి పంపాడు, ఆ విడత డబ్బులు ఆపేశారు. ఆ రాత్రి ఏడ్చాను అమ్ములూ. డబ్బుకి కాదు. మా అమ్మ మాట్లాడే మాటని ‘ఎర్రర్’ అన్నారని.

మర్నాడు కూర్చుని రెండు పేజీలు రాశాను. ఉదాహరణలు, పక్కన పదానికి పదం అర్థం, కింద ఒక చిన్న పట్టిక. మూడు వారాలకు వాళ్ళ పట్టికలో నాలుగో గడి చేరింది: పురుషేతరం. ఆ తరవాత ఆ ప్రాజెక్టులోకి వచ్చిన తెలుగువాళ్ళెవరికీ ఆ బాధ లేదు. ఆ రెండు పేజీలు నేను రాయగలిగానంటే ఉస్మానియాలో రెండేళ్ళు రూపిమలు విడదీస్తూ కూర్చున్నందుకే. వ్యాకరణం చదివి ఎవరు బాగుపడ్డారని అడిగావు కదా, ఆ రోజు నేను బాగుపడ్డాను.

గైడ్‌లైన్లకు లొంగనివి ఇంకా ఉన్నాయి. ఆఫీసు వాక్యాలు బయటికి చెప్పకూడదని సంతకం పెడతాం. అందుకని అలాంటిదే ఒకటి మనింటి వాక్యం రాస్తాను, చూడు. “నాకు అన్నం సయించడం లేదు.” జ్వరం తగ్గాక అమ్మమ్మ అనే మాట. కర్త ఎవరు? గైడ్‌లైను ‘పని చేసేవాణ్ణి గుర్తించు’ అంటుంది. ఇక్కడ పని చేసేవాళ్ళు ఎవరూ లేరు. క్రియ పొందిక అన్నంతో, బాధ ‘నాకు’ది. ఈ ‘నాకు’ని ఏ గడిలో వేస్తావు? ఇంగ్లీషు కళ్ళతో చూస్తే సబ్జెక్టు అనాలి. విభక్తి చూస్తే ‘కు’, దానం పుచ్చుకునేవాడి పక్కన కూర్చోబెట్టాలి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీవాళ్ళు పాణిని కారకాలను తీసుకుని మన భాషల వాక్యాలకు గుర్తులు పెట్టే పద్ధతి తయారుచేసినప్పుడు ఇలాంటి ‘నాకు’కి విడిగా ఒక గుర్తు ఇచ్చారు, అనుభవ కర్త అని. ఆకలి, దాహం, భయం, ఇష్టం అన్నీ అక్కడ చేరతాయి. రెండున్నర వేల ఏళ్ళ నాటి ఆలోచన తీసుకుని, మన వాక్యం ముందు పెట్టి, సరిపోని చోట కొత్త గడి కట్టారు. పని అంటే అది. పైగా యంత్రం ‘సయించడం’ అన్న మాట తప్పనుకుని ‘సహించడం’ అని దిద్దబోతుంది. దిద్దనిచ్చావా, జ్వరం మనిషి కాస్తా అన్నం మీద కోపంగా ఉన్న మనిషి అయిపోతుంది.

తెలుగుని ఈ రంగంలో వనరులు తక్కువున్న భాష అంటారు. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 8.11 కోట్లు. మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. గుర్తులు పెట్టి పద్ధతిగా దాచిన వాక్యాలకే కొదవ. ఒక్క ముచ్చట చెబితే నీకు అర్థమవుతుంది. ప్రపంచ భాషలన్నిటికీ ఒకే తీరున వాక్య నిర్మాణం గుర్తించే యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే ఉమ్మడి ప్రయత్నం ఉంది కదా, అందులో తెలుగు వాటా 1,300 పైచిలుకు వాక్యాలు. తారక రామ, సౌమ్య వజ్ఝల చేశారు. ఆ వాక్యాలు ఎక్కడివో తెలుసా? భద్రిరాజు కృష్ణమూర్తి గారూ గ్విన్ గారూ కలిసి 1985లో అచ్చు వేసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఉదాహరణలుగా ఇచ్చినవి. అప్పుడు ఎవరో విద్యార్థికి అర్థం కావడానికని ఏరి కూర్చిన వాక్యాలు ముప్పై ఏళ్ళు దాటాక యంత్రానికి పాఠమయ్యాయి. వ్యాకరణానికి కాలం చెల్లిందని నీ క్లాసులో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

కృష్ణమూర్తి గారి పేరెత్తితే నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. చీరాలలో మనింటి గుంట మగ్గం నువ్వు చూడలేదు, నువ్వు పుట్టకముందే పూడ్చేశారు. ఆయన నేస్తుంటే అమ్మమ్మ కండెలు చుట్టేది, నేనూ మీ అమ్మా అందించేవాళ్ళం. కాలేజీలో చేరాక ఆ మగ్గం మాటలంటే నాకు సిగ్గు. ఎమ్మే మొదటి ఏడు లైబ్రరీలో కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం చేతికొచ్చింది. మొదటి సంపుటం 1962లో, వ్యవసాయ పదాలు. రెండోది 1971లో, చేనేత పదాలు. తెరిచి చూస్తే పడుగు, పేక, నాడె! మా నాన్న మాటలు అచ్చులో, పండితుల పుస్తకంలో, ఏ ప్రాంతంలో ఏమంటారో రాసి ఉన్నాయి. మగ్గం దగ్గరికి వెళ్ళి, గుంట పక్కన కూర్చుని, ‘దీన్నేమంటారు’ అని అడిగి రాసుకున్న మాటలవి. అడిగినవాళ్ళు యూనివర్సిటీ మనుషులు, చెప్పినవాళ్ళు మా నాన్నలాంటి వాళ్ళు. ఆ రోజు నుంచి సిగ్గు పోయింది. ఈ చదువు నాకిచ్చిన మొదటి జీతం అదే అనుకుంటాను.

ఇప్పుడు మన రంగంలో తగ్గిపోయింది అలా వెళ్ళి అడగడమే. కంప్యూటర్లు పెరిగాయి, భాషిణి లాంటి ప్రభుత్వ పథకం 2022లో మొదలైంది, మద్రాసు ఐఐటీలో ఏఐ4భారత్ వాళ్ళు మన భాషల డేటా పోగేసి అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. మంచి పనులే, మనసారా మెచ్చుకుంటాను. కానీ గుంట పక్కన కూర్చుని అడిగే మనిషి తక్కువైపోయాడు. నేనుండే ఊరే చూడు. సైబర్ సిటీ అద్దాల మేడల్లో ప్రపంచ భాషలన్నిటి మీదా పని జరుగుతుంది. కిందకి దిగితే ఆటో ఆయన ‘కడే జాణా సై’ అంటాడు. హిందీవాళ్ళు ‘హై’ అనే చోట ‘సై’. ఇది హర్యాన్వీ నేల. జనగణన దాన్ని హిందీ పద్దులో కలిపేస్తుంది. మేడ మీద దాని ఊసే లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వింటున్నాను, వినడం తప్ప నేనూ చేసిందేం లేదు. రేపు మన శ్రీకాకుళం తెలుగుకీ పాలమూరు తెలుగుకీ ఇదే జరుగుతుంది, నీలాంటివాళ్ళు అడ్డం పడకపోతే.

మాట్లాడే భాషని ఇలా పక్కన పెట్టడం విని రాసే పనిలో నీకు రోజూ తగులుతుంది. ‘తెచ్చిచ్చాడు’ అని వినిపిస్తుంది, ‘తెచ్చి ఇచ్చాడు’ అని విడదీసి రాయమంటారు. చిన్నయసూరి గారు 1858 నాటి బాలవ్యాకరణంలో క్త్వార్థక ఇకారానికి సంధి లేదన్నారు, నిజమే. ఆయన చూసింది కావ్యభాష, ఆ మేరకు ఆయన చెప్పింది సరైనది. నీ చెవిలో పడింది చీరాల బజారు. యంత్రానికి వినడం నేర్పాలంటే విన్నది రాయాలి. రెండు వరసలు పెట్టమని అడుగు, ఒకటి విన్నట్టు, ఒకటి విడదీసి. మొదట విసుక్కుంటారు. కారణం కాగితం మీద పెడితే వింటారు. నా అనుభవంలో సగం సార్లయినా విన్నారు.

సరే, నీ ప్రశ్నకి నా జవాబు. రా. రెండేళ్ళకి అనుకుని రా. బీఎడ్ ఎప్పుడైనా చెయ్యొచ్చు, మీ నాన్నతో నేను మాట్లాడతాను. పీహెచ్‌డీ వేరే చోటు దొరక్క చేరేది కాకూడదు. ఇక్కడ పని చేస్తూ నెట్ రాయి. జేఆర్ఎఫ్ వచ్చి, నిన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటి కూడా దొరికితే అప్పుడు వెళ్ళు. ఆ ప్రశ్న ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

ఆఫరు కాగితం మీద సంతకం పెట్టేముందు జీతంతో పాటు ఇంకో మాట అడుగు: గైడ్‌లైన్లు ఎవరు రాస్తారు, తెలుగు మనిషి మార్చమంటే మార్చే దారి ఉందా? ఆ దారి లేదన్నారంటే ఆ కంపెనీ వద్దు, ఇంకోటి చూద్దాం. వాక్యానికింత అన్న లెక్కకి ఒప్పుకోకు, నెల జీతం అడుగు. వాక్యానికింత అన్నచోట కష్టమైన వాక్యం దగ్గర ఆగే మనిషే నష్టపోతాడు, మన పనేమో అక్కడ ఆగడమే.

పైథాన్ నేర్చుకో, తప్పదు. ‘వెళ్ళాలనుకుంటున్నట్టున్నాడు’ అన్న ఒక్క పదాన్ని నువ్వు కాగితం మీద నాలుగు ముక్కలు చేసి చూపిస్తావు. అలాంటివి పదివేలు ఉన్నప్పుడు అదే పని యంత్రం చేత చేయించడం నీకు రావాలి. ఇంకో చిన్న సంగతి. ‘తెలుగు’ అన్న మాట మన లిపిలో కంప్యూటరు లోపల 18 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 6. మనది ముక్కలు ముక్కలుగా తెగిపోవడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఎందుకలా అయిందో కోడు రాసేవాళ్ళ పక్కన కూర్చుని తెలుసుకో, వాళ్ళ మాట వాళ్ళతోనే ఆడేంత తెలుసుకో.

చేకూరి రామారావు గారి తెలుగు వాక్యం నా కాపీ అక్కడే ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది, 1975 నాటిది, అట్ట ఊడింది. తెచ్చుకో. పని మధ్యలో వాక్యం మొరాయించినప్పుడు ఒక పేజీ చదువు. తెలుగులో తెలుగు వాక్యం గురించి ఇంత తేటగా ఆలోచించవచ్చా అనిపిస్తుంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని వ్యాకరణం రాశారు, 1931లో మద్రాసులో అచ్చయింది. సవర తెలుగుకి చుట్టమైనా కాదు. ఎవరు కొంటారని లెక్కేసుకుని మొదలుపెట్టిన పని కాదది. నాకు మనసు బాగోలేనప్పుడు ఆయన్ని తలుచుకుంటాను.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఆఫీసు వాక్యాలు అందులో రాయకు, అది మాట తప్పడం అవుతుంది. బస్సులో, కూరల బండి దగ్గర, మీ అమ్మ ఫోన్లో విన్నవి రాయి. నియమాలకు సయించనివి ముఖ్యంగా. తారీఖు, ఊరు, అన్నది ఎవరో, వయసెంతో వెయ్యి. నా దగ్గర అలాంటివి పదకొండు పుస్తకాలున్నాయి, నువ్వొచ్చాక ఇస్తాను.

ఢిల్లీలో దిగి మెట్రో ఎల్లో లైన్ పట్టుకుని మిలీనియం సిటీ సెంటర్ దాకా వచ్చెయ్, పాత పేరు హుడా సిటీ సెంటర్, ఆటోవాళ్ళు ఇంకా అదే అంటారు. మొదటి నెల మా ఇంట్లోనే ఉండు. నవంబరు రాకముందే వస్తే ఇక్కడి పొగకి అలవాటు పడే టైము ఉంటుంది కానీ, ఒక్క పని చేసి మరీ బయల్దేరు. చీరాల వెళ్ళి రెండు రోజులు అమ్మమ్మ దగ్గర ఉండు. ఫోన్లో రికార్డింగు పెట్టి మగ్గం పని మొదటి నుంచి చివరిదాకా చెప్పించు, నూలు తడపడం దగ్గర్నుంచీ. మధ్యలో నువ్వు దిద్దకు, ఇంగ్లీషు మాట అందించకు. పొద్దున పూట ఆవిడకు ఓపిక ఉండదు. మధ్యాహ్నం మూడింటికి లేచి టీ తాగుతుంది, అప్పుడు అడుగు.

మీ పెద్దమ్మ