ఒట్టు పెట్టని దుకాణదారులు

17వ శతాబ్దపు ఇంగ్లండులో బట్టల కొట్టుకు వెళ్లడమంటే బేరానికి దిగడమే. కొట్టతను ఎక్కువ చెబుతాడు, కొనేవాడు బాగా తగ్గించి అడుగుతాడు, దేవుడి మీద ఒట్లతో బేరం ఎక్కడో మధ్యలో తెగుతుంది. ఇద్దరి మాటా నిజం కాదని ఇద్దరికీ తెలుసు. అదేం తప్పని ఎవరూ అనుకోరు.

తప్పేనన్నవాళ్లు క్వేకర్లు. జార్జ్ ఫాక్స్ బోధతో ఏర్పడిన ఈ క్రైస్తవ సమాజంలోని వర్తకులు ఒకటే ధర చెప్పేవారు. మొదట్లో గిరాకీ పడిపోయింది. చిన్నపిల్లాడి చేతికి డబ్బులిచ్చి పంపినా మోసం జరగదని తెలిశాక, జనం క్వేకర్ కొట్టు ఎక్కడని వెతుక్కుంటూ వచ్చారట. ఫాక్సే తన జర్నల్‌లో ఈ సంగతి రాసుకున్నాడు.

కోర్టులో కూడా వాళ్లది అదే పట్టు. ఒట్టు పెట్టుకోవద్దని యేసు కొండమీద చెప్పాడు కాబట్టి ప్రమాణం చేయబోమన్నారు. ఒట్టు పెడితేనే నిజమైతే, మిగతా రోజంతా చెప్పేదేమిటి? 1662లో ఇలా ప్రమాణం నిరాకరించడాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది, చాలామంది జైలుపాలయ్యారు. 1696 నాటికి గానీ ఒట్టు బదులు వాళ్ల మాటను ఒప్పుకునే వెసులుబాటు రాలేదు, అదీ క్రిమినల్ కేసుల్లో కాదు.

అసలు పరీక్ష అప్పుల దగ్గర. తాహతుకు మించి వ్యాపారం చేయవద్దని సమాజం హెచ్చరించేది, దివాలా తీసినవాణ్ని వెలివేసేది. న్యూగేట్ జైలు ఖైదీల కోసం పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై భర్త జోసెఫ్ బ్యాంకు 1828లో మునిగింది. అంత పేరున్న కుటుంబమని చూడలేదు, అతన్ని సభ్యత్వం నుంచి తీసేశారు. కఠినమే. కానీ తీర్చగలనో లేదో చూసుకోకుండా ఇచ్చిన మాట ఎదుటివాడి సొమ్ముతో ఆడే జూదమని వాళ్లు గుర్తించారు. మాట నిలబడేదీ పడేదీ ఒప్పుకునే ముందు వేసుకునే లెక్కలోనే.

మన తెలుగు సంఘాల్లో ఈ లెక్క తప్పేది ఎక్కువగా చిన్న మాటల్లో. ఆదివారం ఆరాధన అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "అమ్మకు ఆపరేషనండీ, ప్రార్థన చేయండి బ్రదర్" అంటారొకరు. "తప్పకుండా బ్రదర్." బండి స్టార్టయ్యేలోపే ఆ సంగతి మర్చిపోతారు. అక్కడే పక్కకు తీసుకెళ్లి ఓ నిమిషం ప్రార్థించేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు బాకీ మిగలదు. ఇక "దేవుని చిత్తమైతే వస్తాను" అనే మాట. రేపు మన చేతిలో లేదని గుర్తుచేయడానికి యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో ఆ మాట నేర్పాడు. రావడం ఇష్టంలేనివాళ్లు దాన్ని మర్యాదైన ఎగవేతగా వాడుతున్నారు. నెపం మాత్రం దేవుడి మీదికి పోతుంది.

లెక్క సరిగ్గా వేసుకున్నా మాట తప్పాల్సి రావచ్చు. పౌలుకూ వచ్చింది. కొరింథుకు వస్తానని చెప్పి ప్రయాణం మార్చుకుంటే, అక్కడివాళ్లు నిలకడలేని మనిషన్నారు. అతను ముఖం చాటేయలేదు. వాళ్లకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలోనే ఆ విషయం ఎత్తి, వాళ్లను నొప్పించడం ఇష్టంలేకే ఆగానని చెప్పాడు. ఆ తర్వాత వెళ్లాడు కూడా: కొరింథు ఉన్న గ్రీసులో మూడు నెలలు గడిపాడని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది.