ఉద్యోగులకు కృత్రిమ మేధ శిక్షణ

ఒక సంస్థలో క్రొత్త యంత్రమును నెలకొల్పినచో, దానిని నడపువారికి నేర్పిన చాలును. కృత్రిమ మేధ అట్టిది కాదు. గుమాస్తా మొదలు నిర్వాహకుని వరకు అందరి పనిలోను అది ప్రవేశించుచున్నది. కావున అందరును నేర్వవలెను.

ఉపన్యాసములు వినినంత మాత్రమున ఈ విద్య రాదు. ఎవరి పనిని వారు ముందుంచుకొని సాధన చేయవలెను. ఏమి కావలెనో, ఎవరి కొరకో స్పష్టముగా తెలిపి అడుగవలెను. సంస్థ రహస్యములను దానికి చెప్పరాదు. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ ప్రోగ్రాములను చాట్‌జీపీటీకి అందింపగా, ఆ సంస్థ అట్టి సాధనముల వాడుకను నిషేధించెను. వచ్చిన సమాధానమును తప్పక సరిచూడవలెను. ఆ యేడే న్యూయార్కులో, యంత్రము కల్పించిన తీర్పులను నిజమని నమ్మి న్యాయస్థానమునకు సమర్పించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడెను.

సరిచూచుటకు యంత్రము తెలిసిన చాలదు, విషయము తెలియవలెను. గుమాస్తాకు లెక్కలు, వకీలుకు చట్టము, అనువాదకునకు రెండు భాషలు రావలెను. విద్యార్థులారా! ఇంట తెలుగును, వీధిలో ఈ రాష్ట్ర భాషను పలుకు మీకు ఆ రెండును బాల్యముననే అబ్బినవి. చదువుతో వానికి పదును పెట్టుడు. తలిదండ్రులారా! తెలుగు చదువు ఉద్యోగమునకు పనికిరాదని తలంపకుడు. యంత్రము వ్రాసిన తెలుగులో తప్పు పట్టుటకు తెలుగు వచ్చిన మనిషియే కావలెనని మేము నమ్ముచున్నాము.