పేడపురుగు తాయెత్తు: గుండె చెప్పే సాక్ష్యం

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక చిన్న వస్తువు ద్వారా ప్రాచీనుల నమ్మకాన్ని వివరించగలుగుతారు.

9.1 మమ్మీ, తాయెత్తు
సంత్రాగాఛిలో బస్సెక్కి విద్యాసాగర్ సేతువు దాటితే మీరు కోల్‌కతా చేరతారు. అక్కడ 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. శవం పాడవకుండా భద్రపరచి, గుడ్డపట్టీలు చుట్టినదే మమ్మీ. ఈజిప్షియన్లు ఆ పట్టీల మధ్య తాయెత్తులు ఉంచేవారు. వాటిలో ఒకటి రాతితో చెక్కిన పేడపురుగు.

9.2 పేడపురుగే ఎందుకు?
పేడపురుగు పేడను ఉండ చేసి దొర్లించడం మీరు చూసే ఉంటారు. ఈజిప్షియన్లకు అందులో సూర్యుణ్ణి ఆకాశంలో నడిపించే ఖెప్రి దేవుడు కనిపించాడు. నేలలోని ఉండ నుంచి కొత్త పురుగు రావడం వారికి పునర్జన్మకు గుర్తు. తల్లి పురుగు ఆ ఉండలో గుడ్డు పెడుతుందని ఇప్పుడు మనకు తెలుసు.

9.3 గుండెకు విన్నపం
మరణించినవారి గుండెను సత్యదేవత మాత్ ఈకతో తూస్తారని వారి నమ్మకం. అందుకే ఇతర అవయవాలు తీసినా గుండెను శరీరంలోనే ఉంచేవారు. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పవద్దని గుండెను వేడుకునే మంత్రాన్ని తాయెత్తుపై చెక్కేవారు. బంగారంలో పొదిగిన అలాంటి పచ్చరాతి తాయెత్తు, సోబెకెమ్‌సాఫ్ రాజుది, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంటే, రాజుకు కూడా తన గుండె అంటే భయమే!

ఆలోచించి రాయండి
మనం వాడే 'మనస్సాక్షి' అనే మాటకు, ఈ నమ్మకానికి గల పోలిక ఏమిటి?