రాలని గింజ – పశుగ్రాసం నేర్పిన పాఠం

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. మా చదువు సగం ఈ హాస్టల్ అన్నంతో, మిగతా సగం అమ్మ మేపిన గేదె పాలతో సాగింది. సొంత భూమి లేదు కనుక అమ్మ చీరాల చుట్టుపక్కల కాలువ గట్ల మీద గడ్డి కోసి మోపు మోసేది. అందుకే తమ్ముళ్ళకు గడ్డి గింజ గురించి నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక.

ఇంటర్ సెలవుల్లో పెరట్లో గినీ గడ్డి పెంచుదామనుకున్నాం. ఒకచోట కంకులన్నీ పండేదాకా ఆగి కోశాం. దులిపితే వచ్చింది చాలావరకు తాలే. మంచి గింజ అప్పటికే నేల రాలింది. మిగిలిన గుప్పెడు వెంటనే చల్లాం, మొలవలేదు. తప్పెక్కడో పీజీలో చేరాక గాని తెలియలేదు.

గింజ ఎందుకు రాలుతుంది?

గింజకూ కాడకూ మధ్య సన్నని కణాల పొర ఉంటుంది. గింజ ముదరగానే అది విడిపోతుంది. అడవి మొక్కకు అది బతుకుతెరువు, విత్తనం సేకరించేవారికి నష్టం. నివ్వరి వడ్లు రాలిపోతాయి, మన వరి నిలుస్తుంది. వేల ఏళ్ళుగా రైతులు కంకిలో నిలిచిన గింజనే తెచ్చి మళ్ళీ విత్తడమే కారణం. ఈ తేడాలో ముఖ్యపాత్ర గల ఎస్‌హెచ్4 అనే జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించారు. గడ్డిని మాత్రం మనం ఆకు కోసమే పెంచాం, గింజ కోసం ఎంచలేదు. పైగా గినీ గడ్డి పూత రోజుల తరబడి సాగుతుంది. కంకి కొసన గింజ రాలేనాటికి అడుగున ఇంకా పచ్చిగానే ఉంటుంది.

మార్చడం సాధ్యమా?

సాధ్యమే. ఆస్ట్రేలియాలో ఫలారిస్ అనే గడ్డిలో గింజను పట్టి ఉంచే సీడ్‌మాస్టర్, తర్వాత యునెటా రకాలు తెచ్చారు. గినీ గడ్డిలో పని కష్టం. దాని గింజ ఎక్కువగా ఫలదీకరణ లేకుండానే కడుతుంది, పిల్ల మొక్క అచ్చం తల్లే. సంకరానికి పనికొచ్చే అరుదైన మొక్కలు తూర్పు ఆఫ్రికాలో దొరికాయి. మన ఏపీబీఎన్-1 వంటి సజ్జ-నేపియర్ సంకరాలకైతే పనికొచ్చే గింజే పట్టదు, కణుపు ముక్కలు నాటాలి. వాటికి బండి కిరాయి పేదవారికి భారం. గింజైతే చిన్న సంచిలో వస్తుంది.

అప్పటిదాకా ఏం చేయాలి?

కంకులకు పల్చటి గుడ్డ సంచులు కట్టండి. లేదా కొస గింజ రాలడం మొదలవగానే కోయండి. నీడన ఆరబెట్టి, కొన్ని నెలలు నిల్వ చేసి విత్తండి. తాజా గింజకు నిద్రావస్థ ఉంటుంది, మేము ఓపిక పట్టనిది అక్కడే.

తమ్ముళ్ళారా! బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి మనకు కూతవేటు దూరంలోనే ఉంది. బైపీసీ చదివేవాళ్ళు ఆ గేటు చూసి జంకవద్దు. మోపు బరువు తెలిసిన ఇంటి పిల్లలే ఈ గింజ సంగతి తేల్చాలి.